చిన్నపిల్లలతో గంగజాతర ఎలా చేసుకోవాలి

తిరుపతిలో ఉగాది వెళ్లిందంటే ఇక పండగలకు తెరిపి ఉండదు. శ్రీరామనవమికి కోదండరామాలయం, చైత్ర పౌర్ణమికి కొండమీద వసంతోత్సవాలు, చుట్టుపక్కల పల్లెల్లో భారతాలు (మహాభారత కథను హరికథగా, వీధినాటకంగా జరిపే ఉత్సవాలు), మే నెలలో గంగమ్మ తల్లి గంగజాతర. బడులకు సెలవులిచ్చేది కూడా అప్పుడే. అయినా కొత్తగా కాపురం పెట్టి, ఒకరో ఇద్దరో చిన్నపిల్లలున్న ఇళ్లలో వినిపించే మాట మాత్రం ఒకటే: "ఇంత ఎండలో, అంత జనంలో పిల్లల్ని వేసుకుని ఎక్కడికి పోతాం?" చివరికి జాతరను ఫోన్లో చూసి సరిపెట్టుకుంటారు.

పిల్లల్ని తీసుకెళ్లండి. నాలుగేళ్ల బిడ్డకు జాతర అంటే దూరం నుంచి చూసే తమాషా కాకూడదు. గంధం పూసుకోవడమో, గేటు దగ్గర అంబలి పోయడమో, చివరికి వేపమండ పట్టుకుని నిలబడటమో, ఆ బిడ్డకంటూ ఒక పని ఉండాలి. పని ఉన్న పిల్లలు ఏడవరు, విసిగించరు, మరుసటి ఏడు వాళ్లే గుర్తుచేసి అడుగుతారు. పెద్ద రోజు కాకుండా చిన్న రోజు, సాయంత్రం కాకుండా పొద్దున, ఈ రెండూ పాటిస్తే జనం టెన్షన్ చాలావరకు ఉండదు.

ముందు రోజులు లెక్కపెట్టుకోండి

తాతయ్యగుంట గంగమ్మ జాతర ఒక మంగళవారం రాత్రి చాటింపుతో మొదలై, మరుసటి మంగళవారం పెద్ద జాతరతో, బుధవారం తెల్లవారుజామున విశ్వరూప దర్శనంతో ముగుస్తుంది. చాటింపు పడ్డాక జాతర అయ్యేదాకా ఊరి పొలిమేర దాటి పోకూడదనేది పాత కట్టుబాటు. అందుకే తిరుపతి పాతకాపులు ఆ వారంలో ప్రయాణాలు పెట్టుకోరు. మీరు పిల్లల్ని అమ్మమ్మ ఊరికి పంపాలనుకుంటే చాటింపుకు ముందే పంపి రప్పించుకోండి, లేకపోతే జాతర అయ్యాక పంపండి. ఏ ఏడు ఏ తేదీ అనేది ముందే ప్రకటిస్తారు. మీ వీధిలో పెద్దావిడ ఉంటే "అవ్వా, ఈ ఏడు చాటింపు ఎప్పుడు?" అని అడగండి. తేదీతోపాటు ఇంకో పది సంగతులు చెబుతుంది. అవి కూడా మీకు కావాలి.

బుధవారం నుంచి మొక్కుకున్న వాళ్లు రోజుకో వేషం వేస్తారు. బుధవారం బైరాగి వేషం, ఒళ్లంతా నామపు సుద్ద. గురువారం బండ వేషం, కుంకుమ. శుక్రవారం తోటి వేషం, బొగ్గు. శనివారం దొర వేషం, గంధం. ఆదివారం మాతంగి వేషం, అంటే మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టి అమ్మవారి రూపంలో రావడం. సోమవారం సున్నపు కుండలు. మంగళవారం సప్పరాలు (వెదుళ్లతో కట్టి మోసే గోపురాలు), పొంగళ్లు, చీర కట్టిన మగవాళ్లతో ఊరు నిండిపోతుంది.

చిన్నపిల్లలున్న వాళ్లకు నా ఓటు శనివారానికే. గంధం ఒంటికి చలవ, వాసన బాగుంటుంది, చూడటానికి పిల్లలు భయపడరు. తోటి వేషంలో నల్లగా బొగ్గు పూసుకున్న వాళ్లను చూసి రెండు మూడేళ్ల పిల్లలు జడుసుకునే అవకాశం ఎక్కువ, పైగా ఆ మసి ఎత్తుకున్న వాళ్ల బట్టలకంతా అంటుతుంది. సుద్ద ఆరాక చర్మం బిగుసుకుని చురచురమంటుంది కాబట్టి బైరాగి వేషం ఏడెనిమిదేళ్లు వచ్చాక వేయించండి. సున్నం మాత్రం ఎన్నేళ్ల పిల్లలకైనా వద్దు. అది చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే ప్రమాదం. ఒంటికి ఏమీ పూయకుండా వేషం వేయాలంటే ఆదివారం మాతంగి ఉండనే ఉంది. ఆరేడేళ్ల మగపిల్లలు అమ్మ చీర చుట్టుకుని, జడ పెట్టుకుని ఎంత హుషారుగా నడుస్తారో చూస్తే తెలుస్తుంది.

కథ ముందే చెప్పండి

ఇది వదిలేసి జాతరకు వెళితే పిల్లలకు రంగులు, డప్పులు, తోపులాట తప్ప ఏమీ మిగలదు. చాటింపు రోజు రాత్రి పడుకోబెట్టేటప్పుడు మొదలుపెట్టి రోజుకు కొంచెం చెప్పండి. ఈ కథ వారం రోజులకు సరిగ్గా సరిపోతుంది.

అనగనగా తిరుపతిలో ఒక పాలెగాడు. ఊళ్లో ఆడపిల్లల్ని బతకనిచ్చేవాడు కాదు. అవిలాలలో పుట్టిన గంగమ్మ కైకాల వారింట పెరిగింది. వాడు ఆమె జోలికీ వచ్చాడు. అప్పుడామె తన అసలు రూపం చూపించేసరికి పారిపోయి ఎక్కడో దాక్కున్నాడు. వాణ్ని వెతకడానికి గంగమ్మ రోజుకో వేషం కట్టింది. బైరాగిలా వచ్చింది, బండలా వచ్చింది, తోటిలా వచ్చింది, వాడు బయటికి రాలేదు. చివరికి దొర వేషంలో వచ్చేసరికి, ఎవరో పెద్ద దొర వచ్చాడనుకుని బయటికొచ్చాడు, దొరికిపోయాడు. గంగమ్మ వాణ్ని చంపింది. ఆ మర్నాడు మాతంగి వేషంలో వాడి పెళ్లాం దగ్గరికి వెళ్లి ఓదార్చింది.

ఆ చివరి ముక్కను తప్పకుండా చెప్పండి. చెడ్డవాణ్ని చంపిన తల్లే, వాడి ఇంట్లో ఏడుస్తున్న ఆడమనిషి దగ్గరికి ఓదార్చడానికి వెళ్లిందన్న సంగతి పిల్లలకు ఇట్టే పట్టుకుంటుంది. "గంగమ్మ ఎందుకు పోయింది?" అని అడుగుతారు. జవాబు మీరిద్దరూ ఆలోచించుకుని ఉండండి.

గంగమ్మ వెంకటేశ్వరస్వామికి చెల్లెలనీ, అందుకే జాతరకు కొండమీద నుంచి పసుపు కుంకుమలతో సారె వస్తుందనీ, పుట్టినూరు అవిలాల నుంచి కూడా సారె వస్తుందనీ చెప్పండి. అన్నయ్య పంపే చీర అంటే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. అమ్మవారి వేషాలు ఇప్పటికీ కైకాల వంశం వాళ్లే కడతారు. ఊళ్లోకి వచ్చే ఆ వేషాన్ని చూపించి "కథలో గంగమ్మను పెంచిన వాళ్లింటి వాళ్లు వీళ్లే" అంటే పిల్లల కళ్లు పెద్దవవుతాయి.

ఇంకో సంగతి. జాతరలో బూతులు వినబడతాయి, ముఖ్యంగా మొదటి రోజుల్లో. పాలెగాణ్ని రెచ్చగొట్టి బయటికి రప్పించడానికి తిట్టేవాళ్లని పెద్దలు చెబుతారు. ఐదేళ్లు దాటిన పిల్లలు తప్పకుండా చెవిన వేసుకుంటారు. వినబడనట్టు నటించకండి. "అది పాలెగాణ్ని తిట్టే తిట్టు. ఇంట్లో, బడిలో అనే మాట కాదు" అని ఒకసారి గట్టిగా చెబితే చాలు. కోళ్లు, మేకల మొక్కులు కూడా ఉంటాయి. అటువైపు పిల్లల్ని తీసుకెళ్లాలా వద్దా అనేది మీ ఇంటి పద్ధతిని బట్టి ముందే అనుకోండి. అక్కడికి పోయాక ఆలుమగలు వాదించుకుంటే పిల్లలు బెదిరిపోతారు.

దొర వేషం వేయడం

శుక్రవారం సాయంత్రానికి ఇవి చేర్చుకోండి: గంధం, చిన్న నిమ్మకాయలు, వేపమండలు, గట్టి నూలుదారం, దబ్బనం, తలపాగాకు మెత్తని పాత పంచె ముక్క, కాటుక, కుంకుమ, కొబ్బరినూనె.

సాన మీద అరగదీసిన గంధమే శ్రేష్ఠం. కానీ ఒక పిల్లవాడి ఒంటికి సరిపడా అరగదీయాలంటే చేతులు పడిపోతాయి. మొహానికి, ఛాతీకి అరగదీసింది, మిగతా ఒంటికి గంధంపొడి కలిపింది వాడుకోవచ్చు. పొడి కొనేటప్పుడు గుప్పున సెంటు వాసన కొట్టేది, పచ్చగా మెరిసేది వద్దు. ఇంటికి తెచ్చి కొంచెం తడిపి బిడ్డ మోచేతి మడతలో రాసి ఒక రాత్రి చూడండి. ఎర్రబడినా, దురద పుట్టినా ఆ పొడి పక్కన పెట్టేసి మాతంగి వేషానికి మారిపోండి. కుంకుమ విషయంలో కూడా అంతే. రంగు కుంకుమ కాకుండా పసుపుతో చేసింది తెచ్చుకుని బొట్టు వరకే వాడండి.

శనివారం తెల్లవారుజామునే బిడ్డకు స్నానం చేయించి, ఒళ్లు తుడిచి, కొబ్బరినూనె పలచగా రాయండి. తర్వాత గంధం కడిగేటప్పుడు ఏడుపు లేకుండా చేసేది ఈ నూనే. గంధాన్ని మామూలు నీళ్లతో దోసెపిండి కంటే కాస్త పలచగా కలపండి. ముందు నాన్న తన చేతులకు, మొహానికి పూసుకోవాలి, బిడ్డ చూస్తుండగా. మొహం మారినా నాన్న నాన్నే అని కళ్లారా చూసిన పిల్లలు బయట ఏ వేషాన్ని చూసినా అంత భయపడరు. తర్వాత బిడ్డ చేతులు, వీపు, ఛాతీ, చివర్లో మొహం. కళ్ల చుట్టూ, పెదాల చుట్టూ వేలెడంత చోటు వదిలేయండి. ఒకేసారి మందంగా మెత్తకండి. ఒక పలచని పూత పూసి, ఫ్యాను కింద ఆరనిచ్చి, ఇంకో పూత పూయండి. ఆరేకొద్దీ తేనె రంగు పోయి తెల్లబారుతుంది. బిడ్డ నవ్వినప్పుడల్లా బుగ్గల మీద సన్నని పగుళ్లు పడతాయి. వాటిని పూడ్చడానికి మళ్లీ మళ్లీ పూయొద్దు. జాతరలో దొరలందరి బుగ్గలూ అలాగే ఉంటాయి.

కాటుకతో మీసం దిద్దడం ఇంట్లో మామయ్యకో, బాబాయికో, తాతకో అప్పగించండి. మీసం ఎలా ఉండాలో పిల్లవాడినే చెప్పనివ్వండి. ఆడపిల్లలకు దొర వేషం వేయొచ్చా అని కొందరు సందేహపడతారు. కథలో దొర వేషం కట్టింది గంగమ్మే కదా. మీ అమ్మాయికి మీసం పెట్టించండి.

ఇక నిమ్మకాయల దండ. ఒక నిమ్మకాయ, రెండు వేపరెబ్బలు, మళ్లీ నిమ్మకాయ, ఈ వరసలో దబ్బనంతో గుచ్చుతూ పోవాలి. గుచ్చేటప్పుడు రసం కారి వేళ్లు మండుతాయి కాబట్టి గుచ్చే పని పెద్దవాళ్లది, కాయలు ఏరి అందించే పని పిల్లలది. దండ ఛాతీ దాటకూడదు. పొడుగైతే బరువుకు మెడ నొస్తుంది. ముఖ్యంగా, రెండు కొసలను గట్టి దారంతో ముడి వేయకుండా పూలు కట్టే సన్నని దారంతో కట్టండి. జనంలో ఎవరి చేయైనా తగిలి లాగితే ఆ దారం పుటుక్కున తెగి దండ ఊడిపోవాలి. బిడ్డ భుజాన నిద్రపోతే దండ తీసేయడం మరిచిపోవద్దు. నడుముకు కాటన్ నిక్కరు మీద వేపమండలు చుట్టి, తలపాగా కడితే దొర సిద్ధం.

ఏడాది నిండని పసిబిడ్డకు ఇవేవీ వద్దు. నుదుట గంధం బొట్టు చాలు. ఆ వయసు పిల్లలు చేతికందింది నోట్లో పెట్టుకుంటారు కాబట్టి వేపాకు కూడా దూరంగానే ఉంచండి.

గుడికి వెళ్లి రావడం

పొద్దున ఆరుకల్లా ఇల్లు కదలండి, ఎండ ముదిరేలోపు తిరిగి ఇంట్లో ఉండండి. మే నెలలో తిరుపతి ఎండ నలభై డిగ్రీలు దాటడం మామూలే. తొమ్మిది దాటిందంటే రోడ్డు మీద కాలు పెట్టలేం. మొక్కు ప్రకారం చెప్పులు లేకుండా నడవాలనుకుంటే పెద్దవాళ్లు నడవండి. పిల్లల్ని గుడి వీధిదాకా చెప్పులతో నడిపించి, అక్కడ విప్పించి ఎత్తుకోండి.

గుడి చుట్టుపక్కల వీధుల్లోకి ఆ వారం బండ్లు పోవడం కష్టం. దూరంగా పెట్టి నడవండి. తోపుడు బండి లాంటి పిల్లల బండ్లు ఆ జనంలో పనికిరావు. నడుముకు కట్టుకునే సంచీ గానీ, మన పాత పద్ధతిలో అమ్మ చీరకొంగు గానీ మేలు. భుజాల మీద ఎక్కించుకుంటే పైన వైర్లు, తోరణాలు, ఎదురొచ్చే సప్పరాల వెదుళ్లు బిడ్డ మొహానికి తగులుతాయి. అలా ఎక్కించుకునేది ఒకచోట నిలబడ్డప్పుడు మాత్రమే.

బయల్దేరే ముందు మూడు పనులు. బిడ్డ ముంజేతి మీద, గంధం పూయని చోట, బాల్‌పెన్నుతో మీ ఫోన్ నంబరు రాయండి. వేషంతో ఒక ఫోటో తీయండి. తప్పిపోతే "గంధం పూసుకున్న పిల్లవాడు" అని చెబితే లాభం లేదు, ఆ రోజు వందలమంది ఉంటారు. తలపాగా ఏ రంగు, నిక్కరు ఏ రంగు అనేది ఫోటోలో కనబడాలి. మూడోది, విడిపోతే ఎక్కడ కలవాలో ఒక గుర్తు అనుకోండి. మాట్లాడగలిగే పిల్లలకు "నేను కనబడకపోతే నువ్వు కదలొద్దు, అక్కడే నిలబడి పోలీసు మామకో, పిల్లల్ని ఎత్తుకున్న అమ్మకో చెప్పు" అని నేర్పండి. అవసరపడితే 112కు ఫోన్ చేయండి. తప్పిపోయిన పిల్లల కోసం 1098 కూడా పనిచేస్తుంది.

పలకలు, డప్పులు మోగుతున్న చోట పసిబిడ్డతో పక్కనే నిలబడకండి. వాయిద్యం వెళ్లిపోయేదాకా పక్క సందులోకి తప్పుకోండి. వేషగాళ్లు వేషాలమ్మ గుడికి కూడా వెళ్లి మొక్కుకుంటారు. మీ వీలును బట్టి అటూ వెళ్లొచ్చు. పిల్లవాడు "ఇంక చాలు, ఇంటికి పోదాం" అంటే మాత్రం దర్శనం కాకపోయినా వెనక్కి తిరగండి. వేషం వేసుకుని వీధిలో నడిచినా మొక్కు చెల్లినట్టేనని మా అత్తమ్మ అంటారు, నేనూ అదే నమ్ముతాను.

ఇంటికి రాగానే గోరువెచ్చని నీళ్లు మగ్గులతో పోసి ఐదు నిమిషాలు నాననిస్తే గంధం దానంతటదే జారిపోతుంది. పీచుతో రుద్దకండి. మళ్లీ కాస్త కొబ్బరినూనె రాయండి.

సంచిలో నీళ్లు, మజ్జిగ, బొరుగులు, తడిగుడ్డ, ఒక జత బట్టలు ఉంటే చాలు. ఇంట్లో మాత్రం ఉప్పు చక్కెర నీళ్లు కలిపి ఉంచండి: లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే తలకొట్టిన టీ చెంచా. కొలత మారకూడదు. ఆరు నెలల్లోపు బిడ్డకు ఇవేవీ పట్టొద్దు, తల్లిపాలే ఇంకొన్ని ఎక్కువసార్లు ఇవ్వండి. బిడ్డ మగతగా ఉన్నా, ఒళ్లు కాలుతున్నా, ఒంటేలు పోయడం తగ్గినా జాతర సంగతి తర్వాత, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మంగళవారం ఇంటి దగ్గరే

పెద్ద జాతర రోజు తాతయ్యగుంట చుట్టూ ఇసకేస్తే రాలదు. ఐదేళ్లలోపు పిల్లలుంటే గుడికి వెళ్లొద్దనే చెబుతాను. ఆ రోజు మీ గేటు దగ్గరే చేసుకోవడానికి బోలెడు పని ఉంది.

వాకిలి కడిగి ముగ్గు పెట్టి, గుమ్మానికి వేపాకు కట్టండి. పొంగలి పెట్టి గంగమ్మకు నైవేద్యం చూపండి. తర్వాత దారిన పోయే వాళ్లకు అంబలి పోయండి. పిల్లలకు ఇంతకంటే మంచి పని నాకు తోచదు.

అంబలికి సోమవారం పొద్దున్నే ఒక గ్లాసు రాగిపిండిని రెండు గ్లాసుల నీళ్లలో ఉండల్లేకుండా కలిపి మూతపెట్టండి. సాయంత్రం ఆరు గ్లాసుల నీళ్లు మరగనిచ్చి, అర గ్లాసు బియ్యపు నూకలు వేసి మెత్తగా ఉడికించండి. అందులో రాగిపిండి నీళ్లు పోస్తూ గరిటె ఆపకుండా తిప్పండి. నిమిషం ఆపితే అడుగంటుతుంది, ఉండలు కడుతుంది. పది పదిహేను నిమిషాలకు పచ్చివాసన పోయి నిగనిగలాడుతుంది. చల్లారాక మట్టికుండలో పోసి గుడ్డ కట్టి ఉంచితే మంగళవారం పొద్దునకు సన్నగా పులిసి ఉంటుంది. అప్పుడు మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) కలపండి. ఇది ఇంటికీ, ఇరుగుపొరుగుకూ సరిపోయే కొలత. వీధికి పోయాలంటే నాలుగైదింతలు చేసుకోండి, పక్కింటి వాళ్లతో కలిసి చేస్తే ఇంకా నయం.

గేటు పక్కన నీడలో చిన్న బల్ల వేసి గ్లాసులు పెట్టండి. ముంచి పోసే పని అమ్మది, గ్లాసు రెండు చేతులతో అందించే పని బిడ్డది. చీర కట్టి, పూలు పెట్టి, చెమటలు కక్కుతూ వచ్చిన పెద్ద మీసాల మనిషి గడగడా తాగి, "చల్లగా ఉండు నాయనా" అని తలమీద చేయి పెట్టి పోతాడు. ఆ ఆశీర్వాదం మీ వాకిట్లోకే నడిచొస్తుంది, మీరు జనంలోకి పోనక్కర్లేదు.

బుధవారం తెల్లవారుజామున విశ్వరూప దర్శనానికి భార్యాభర్తల్లో ఒకరు వెళ్లండి, ఒకరు పిల్లల దగ్గర ఉండండి. మరుసటి ఏడు రెండోవాళ్ల వంతు. ఏటా ఒక్కరే వెళ్లడం, ఏటా ఒక్కరే బిడ్డను పట్టుకుని ఇంట్లో కూర్చోవడం బాగుండదు. అమ్మవారి బంకమట్టి విశ్వరూపం చెంప తొలగించడంతో జాతర ముగుస్తుంది. ఆ మట్టిని జనం ప్రసాదంగా తెచ్చుకుంటారు. నిద్రలేచిన పిల్లల నుదుట ఆ మట్టి బొట్టు పెట్టండి.

పల్లెలో భారతం చూపించాలంటే

జాతర వారం రోజులదే. భారతం మాత్రం ఎండాకాలమంతా ఏదో ఒక ఊళ్లో నడుస్తూనే ఉంటుంది. చిత్తూరు వైపు పల్లెల్లో ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుళ్లు ఎక్కువ. ఆ గుడి దగ్గర పద్దెనిమిది రోజులు మధ్యాహ్నం హరికథ, రాత్రికి వీధినాటకం, మధ్యమధ్యలో పగటి ఘట్టాలు. మీ బంధువుల్లో ఎవరి ఊళ్లో భారతం ఉందో కనుక్కుని, వాళ్లింటికి చుట్టపు చూపుగా వెళ్లడమే మంచి పద్ధతి. పడుకోను చోటు, పిల్లలకు వేడి అన్నం, ఎండకు నీడ, మూడూ దొరుకుతాయి.

పద్దెనిమిది రోజులూ అక్కర్లేదు. పిల్లల కోసమైతే బకాసుర వధ రోజు ఎంచుకోండి. భీముడి వేషగాడు బండెడు అన్నంతో వీధుల్లో తిరుగుతుంటే పిల్లలంతా వెంట పరుగెత్తుతారు. అర్జునుడి తపస్సు ఇంకో మంచి రోజు. భారతం మిట్ట మీద పొడుగాటి తపస్సుమాను నాటి ఉంటుంది. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుతూ ఒక్కో మెట్టు ఎక్కి, పైనుంచి నిమ్మకాయలు, విభూతి, పూలు విసురుతాడు. బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో కింద వరపడి ఉంటారు. అక్కడ తోసుకుని ముందుకు పోకండి, ఆ చోటు వాళ్లది. ఆఖరున దుర్యోధన వధ. నేలమీద మట్టితో పడుకోబెట్టిన భారీ దుర్యోధనుడి చుట్టూ భీముడు, దుర్యోధనుడు గదలతో పరుగులు తీస్తారు. పిల్లవాడికి ఆ మట్టిబొమ్మను ముందురోజే, తయారవుతున్నప్పుడే చూపించండి. బుట్టలతో మట్టి మోసి తొడలు, చేతులు మెత్తుతుంటే నిలబడి చూడటం పిల్లలకు వధ కంటే ఎక్కువ ఇష్టంగా ఉంటుంది.

రాత్రి నాటకం తెల్లవార్లూ సాగుతుంది. పిల్లలతో మొదటి గంట చాలు. ఇద్దరు మనుషులు అడ్డంగా తెర పట్టుకుంటే దాని వెనక కిరీటం కొస, కాళ్ల గజ్జెలు మాత్రం కనబడతాయి, తెర తీయగానే భుజకీర్తులతో పాత్ర ఎదురుగా నిలబడుతుంది. ఆ క్షణం చూస్తే చాలు. చాపలు, దుప్పటి తీసుకెళ్లి పక్కగా కూర్చోండి, నిద్రపోయిన బిడ్డతో లేచి రావడం సులువవుతుంది. పది రూపాయలు బిడ్డ చేతికిచ్చి హార్మోనియం దగ్గర చదివింపులు ఇప్పించండి. మైకులో తన పేరు వినబడ్డ పిల్లవాడు నెల రోజులు ఆ మాటే చెబుతాడు. అగ్నిగుండం రోజు మాత్రం బాగా దూరంగా, గాలి మీవైపు వీయని చోట నిలబడండి. బిడ్డ చేయి ఒక్క నిమిషం కూడా వదలొద్దు.

మిగతావి

శ్రీరామనవమికి ఇంట్లో పానకం, వడపప్పు చేసి వీధిలో పంచండి. మిరియాలు, యాలకులు పిల్లల చేత దంచించండి. కోదండరామాలయంలో సాయంత్రం హనుమంత వాహనం చూపించాలనుకుంటే మాడవీధిలో ముందుగా వెళ్లి నిలబడండి. కొండమీద వసంతోత్సవాలు మూడు రోజులు, చైత్ర పౌర్ణమికి ముగుస్తాయి. రెండో రోజు బంగారు రథం, మూడో రోజు మలయప్పస్వామితో పాటు సీతారామ లక్ష్మణులు, రుక్మిణీ కృష్ణులు కూడా వసంత మండపానికి వస్తారు. వేసవి రద్దీలో పసిబిడ్డతో సర్వదర్శనం క్యూలో నిలబడటం కంటే ఊరేగింపు చూసి దిగిరావడం తేలిక.

మీది తిరుపతి కాకపోతే, లేదా సెలవులకు జాతర తేదీలు కుదరకపోతే, పాత ఉమ్మడి చిత్తూరు జిల్లాలో గంగమ్మలకు కొదవ లేదు. చిత్తూరులో నడివీధి గంగమ్మ, కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతరలు కూడా మే నెలలోనే వస్తాయి. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతర వాటికంటే ముందే, పాత జమీందారుల ప్యాలెస్ ఆవరణలో జరుగుతుంది. అన్నిచోట్లా పైన చెప్పిన పద్ధతే పనిచేస్తుంది. ఊరు మారితే వేషాల వరస, మొక్కుల తీరు మారుతాయి కాబట్టి, వెళ్లిన రోజే ఆ ఊరి పెద్దవాళ్లను అడిగి కథ తెలుసుకుని, రాత్రికి పిల్లలకు చెప్పండి.